ఓడలో ఏ బంతికి కూర్చోవాలి, ఏ బట్టలు కట్టుకోవాలి

మా సీతమ్మధార పిన్నికీ బాబాయికీ పెళ్లయి నలభై ఏళ్లు నిండాయి. పిల్లలిద్దరూ కలిసి వాళ్లను సింగపూర్ నుంచి వారం రోజుల ఓడ ప్రయాణానికి పంపిస్తున్నారు. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది కాబట్టి ఓడ దగ్గరికి చేరడం కష్టమేమీ కాదు. చిక్కంతా ఫారం దగ్గర వచ్చింది. పోయిన ఆదివారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్ నాన్నా, రాత్రి భోజనానికి మూడు గళ్లు ఇచ్చారు. ఆరు గంటలకని ఒకటి, ఎనిమిదింబావుకని ఒకటి, ఎప్పుడైనా అని ఇంకొకటి. ఎప్పుడైనా అంటే ఏమిటి? పదింటికి వెళ్లినా పెడతారా? దేనిలో టిక్కు పెట్టాలి? కింద రెండు ఫార్మల్ రాత్రులు అని కూడా రాశారు. మీ బాబాయికి సూటు కుట్టించాలా?"

ఫోనులో జవాబు చెప్పేసరికి గంట పట్టింది. నాలుగు ఓడ ప్రయాణాలు చేసినవాడిని కాబట్టి మా బంధువర్గంలో ఈ ప్రశ్నలు నా దగ్గరికే వస్తాయి. ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి. 2022 జూన్‌లో కార్డీలియా అనే ఓడ ప్రయాణాల కంపెనీ వారి ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణాలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో మన పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అప్పటినుంచి ఓడ ప్రయాణం విశాఖవాసులకు ఎక్కడో అమెరికాలో ఉన్న పిల్లలు పంపే ఫోటోల్లోని వింతగా మిగల్లేదు. మన ఊరివాళ్లు ఓడలెక్కుతున్నారు. ఎక్కేముందు తడబడేది మాత్రం సముద్రాన్ని చూసి కాదు, భోజనాల గదిని చూసి. ఎప్పుడు వెళ్లాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఏం కట్టుకోవాలి, పొరపాటు చేస్తే గుమ్మంలో ఆపేస్తారా అన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయం పోవాలన్నదే నా కోరిక. అందుకే పిన్నికి చెప్పినదంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి బంతి, రెండో బంతి

ఈ విషయం అర్థం కావడానికి మనకు ఇంగ్లిషు పదాలు అక్కర్లేదు. మన పెళ్లి భోజనాలు చాలు. కల్యాణ మండపంలో ఎనిమిది వందలమంది అతిథులుంటే భోజనశాలలో నాలుగు వందలమందికే చోటుంటుంది. అందుకని మొదటి బంతి లేచాక రెండో బంతి కూర్చుంటుంది. పాతకాలపు ఓడల్లో పద్ధతి కూడా సరిగ్గా ఇదే. ఓడలో ప్రధాన భోజనశాల మొత్తం ప్రయాణికుల్లో సుమారు సగంమందికే సరిపోయేలా కట్టేవారు. సాయంత్రం ఆరుకు అటూ ఇటూగా మొదటి బంతి, ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య రెండో బంతి. ప్రయాణమంతా మీకు అదే వేళ, అదే బల్ల, ఆ బల్ల చుట్టూ అవే ముఖాలు, వడ్డించేవాళ్లు కూడా వాళ్లే.

మిగతా ఓడంతా ఈ గడియారం మీదే నడిచేది. మొదటి బంతివాళ్లు భోంచేస్తుంటే రెండో బంతివాళ్లు నాటకశాలలో ప్రదర్శన చూసేవారు. తర్వాత వీళ్లు అటు, వాళ్లు ఇటు. వంటవాళ్లకు కూడా లెక్క తేలిక: ఒక్కసారిగా ఇన్ని వందల పళ్లాలు సిద్ధం చేయాలి, మళ్లీ రెండు గంటలకు ఇంకొన్ని వందలు. కల్యాణ మండపంలో వంటమేస్త్రి చేసే లెక్కే అది.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున బద్దలుకొట్టింది నార్వీజియన్ క్రూయిజ్ లైన్. 2000 సంవత్సరంలో 'ఫ్రీస్టైల్ క్రూజింగ్' అనే పేరుతో, మీకు నచ్చిన వేళకు, నచ్చిన భోజనశాలకు, నచ్చినవాళ్లతో రండి అని ప్రకటించింది. ఆ తర్వాత మిగతా కంపెనీలు కూడా ఒక్కొక్కటే ఆ బాట పట్టాయి. ప్రిన్సెస్ 'ఎనీటైమ్' అంది, రాయల్ కరీబియన్ 'మై టైమ్' అంది, కార్నివాల్ 'యువర్ టైమ్' అంది. పేర్లు వేరు, సారం ఒక్కటే. ఫారంలో పిన్నికి కనబడిన మూడో గడి అదే.

'ఎప్పుడైనా' అన్న మాటను మాత్రం అక్షరాలా తీసుకోకూడదు. భోజనశాల తెరిచి ఉంచే వేళల్లో, అంటే దాదాపు సాయంత్రం ఐదున్నర, ఆరు నుంచి రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర వరకు, ఎప్పుడైనా అని దాని అర్థం. పదింటికి వెళితే తలుపులు మూసి ఉంటాయి. ఇంకో సంగతి ఏమిటంటే, స్వేచ్ఛ ఇచ్చినా మనుషుల ఆకలి మాత్రం ఇంచుమించు ఒకే వేళకు వేస్తుంది. ఏడు, ఏడున్నర మధ్య అందరూ ఒకేసారి వస్తారు. అప్పుడు గుమ్మం దగ్గర వరుస, చేతికో చిన్న పరికరం ఇచ్చి, అది మోగినప్పుడు రమ్మనడం. ఈ పద్ధతి ఎంచుకున్నవాళ్లు ఓడ యాప్‌లో ముందే వేళ రాయించుకోవాలి, లేదా ఆరింటిలోపు, లేదా ఎనిమిది దాటాక వెళ్లాలి. అలా చేస్తే వరుసలో నిలబడే అవసరం చాలావరకు తప్పుతుంది.

వడ్డించేవాడు మనవాడైతే

ఇలా నచ్చినట్టు భోంచేసే పద్ధతిని 'ఫ్లెక్సిబుల్ డైనింగ్' అంటారు. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలను కలిపి కట్టేస్తారు. ఎప్పుడు తింటాం అనేది ఒకటి. ఎక్కడ తింటాం అనేది రెండోది. ఎవరితో తింటాం, ఎవరు వడ్డిస్తారు అనేది మూడోది. కంపెనీ ప్రకటనలు మొదటి రెండింటి గురించే మాట్లాడతాయి. నా అనుభవంలో మనలాంటివాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం మూడోది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఓడలో ఆ సామెత నూటికి నూరుపాళ్లు నిజమవుతుంది. నా మొదటి ప్రయాణంలో మా బల్లకు వడ్డించింది ఒక గోవా కుర్రవాడు. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినదు. మొదటి రాత్రి మెనూలో శాకాహారం అని గుర్తు పెట్టిన మూడు వంటకాల్లో ఒకదానిలో గుడ్డు ఉంది, ఒకటి చప్పగా ఉడికించిన కూరగాయలు, మూడోది జున్నుతో నిండిన పాస్తా. అమ్మ రొట్టె ముక్క తుంచుకుని నీళ్లు తాగుతూ కూర్చుంది. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. పళ్లాలు తీస్తూ, మర్నాటి రాత్రి మెనూ తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "ఆంటీ, వీటిలో ఏమీ నచ్చకపోతే చెప్పండి. వంటగదిలో మనవాళ్లున్నారు. పప్పు, అన్నం, ఒక కూర విడిగా చేయిస్తాను. కాని ఈ రాత్రే చెప్పాలి" అన్నాడు హిందీలో. మర్నాడు మేం కూర్చోగానే చిన్న గిన్నెలో పసుపుపచ్చని పప్పు, పైన ఎండుమిరపకాయ, జీలకర్ర పోపు. మూడో రోజు అడగకముందే పెరుగు వచ్చింది. నాలుగో రోజు అమ్మ అతని పెళ్లి సంగతులు అడుగుతోంది.

'ఈ రాత్రే చెప్పాలి' అన్న మాటలోనే కిటుకంతా ఉంది. విదేశీ ఓడల్లో భారతీయ శాకాహారం దొరకదనుకోవడం పొరపాటు. చాలా పెద్ద ఓడల్లో మెనూలో కనిపించకపోయినా అడిగితే చేసిపెడతారు. ఓడ సిబ్బందిలో మన దేశం వాళ్లు చాలామంది ఉంటారు. అయితే అది విడిగా చేయాల్సిన వంట కాబట్టి ముందురోజే చెప్పాలి. ఒకే బల్ల, ఒకే మనిషి ఉన్నప్పుడు ఇది దానంతటదే జరిగిపోతుంది. రోజుకో బల్ల దగ్గర కూర్చునే పద్ధతిలో రోజూ కొత్త మనిషికి మొదటినుంచి చెప్పుకోవాలి. శాకాహారం అంటే గుడ్డు లేకుండా, చేపల రసం లేకుండా, మాంసం ఉడికించిన నీళ్లు సూపులో కలపకుండా అని రోజూ వల్లించాలి. పైగా ఆ మనిషి రేపు మీకు కనబడడు కాబట్టి రేపటి మెనూ మీకు చూపించేవాళ్లే ఉండరు. వంటగదికి కబురు చేర్చే బాధ్యత మీదే అవుతుంది.

ఈ లోటు కంపెనీలకు తెలియనిది కాదు. డిస్నీ వారి ఓడల్లో దీనికి చక్కని ఉపాయం చేశారు. కుటుంబం రోజుకో భోజనశాలకు మారుతుంటుంది, వడ్డించేవాళ్లు కూడా వాళ్లతోపాటే మారతారు. చోటు మారినా మనిషి మారడు. పసివాడు ఏది తింటాడో, ఎవరికి వేరుశనగ పడదో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు.

బక్షీసుల విషయం కూడా ఇక్కడే అర్థమవుతుంది. పాత పద్ధతిలో చివరి రాత్రి కవరులో డబ్బు పెట్టి మీ బల్లకు వడ్డించినవాడి చేతిలో పెట్టేవారు. రోజుకో మనిషి వడ్డిస్తే ఆ కవరు ఎవరికివ్వాలి? ఈ ప్రశ్నకు జవాబుగానే రోజుకు ఇంత అని బిల్లులో దానంతటదే పడే సేవా రుసుము స్థిరపడింది. ఇప్పుడు అమెరికా కంపెనీల్లో మామూలు గదులకు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంది. ఇద్దరు మనుషులు ఏడు రాత్రులు వెళితే అది చిన్న మొత్తం కాదు. ఇప్పుడు స్థిరమైన బల్ల ఎంచుకున్నా ఆ రుసుము పడుతుంది. టికెట్టు ధర చూసి లెక్క వేసుకునేవాళ్లు దీన్ని కలిపి చూసుకోవాలి. చివరి రోజు బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్లను నేను చూశాను.

స్వేచ్ఛకు ధర

'ఎక్కడ తింటాం' అన్న రెండో ముడిలో డబ్బు మరీ ఎక్కువగా దాగి ఉంది. ప్రధాన భోజనశాల, బఫే టికెట్టులోనే ఉంటాయి. వాటి పక్కనే ఇటాలియన్, జపనీస్, స్టేక్ హౌస్ లాంటి ప్రత్యేక రెస్టారెంట్లు ఉంటాయి. వాటికి విడిగా చెల్లించాలి. నచ్చిన చోట తినండి అన్న పిలుపులో ఆ విడి చెల్లింపుల దారి కూడా ఉందని గమనించాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1905లో హాంబర్గ్ అమెరికా లైన్ వారి 'అమెరికా' అనే ఓడలో, ప్రధాన భోజనశాలతో పాటు రిట్జ్ పేరుతో ఒక రెస్టారెంటు పెట్టారు. డబ్బు విడిగా కట్టి, నచ్చిన వేళకు, నచ్చినది తెప్పించుకుని తినవచ్చు. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో కూడా మొదటి తరగతివాళ్లకు అలాంటి రెస్టారెంటు ఉంది. కాబట్టి వేళాపాళా లేని భోజనం ఈ శతాబ్దపు ఆవిష్కరణ కాదు. వంద ఏళ్ల కిందట ధనవంతులకే అందిన సౌకర్యాన్ని ఇప్పుడు అందరి ముందూ పెట్టారు, అంతే.

అదే కాలంలో మన తీరం నుంచి రంగం వెళ్లే స్టీమర్లలో ఉత్తరాంధ్ర కూలీలు పై డెక్కు మీద, ఎండలో, వానలో ప్రయాణించేవారు. రంగూన్‌ను మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ రంగం అనే అంటారు. మా తాత మేనమామ ఒకరు అలా వెళ్లి తిరిగి రాలేదు. ఓడలో ఎవరు ఎక్కడ కూర్చుని తినాలి, ఎవరు ఏం కట్టుకోవాలి అన్న నియమాలు పుట్టింది తరగతులను విడదీయడానికే. బట్టల నియమాల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ చరిత్ర గుర్తుకొస్తుంది. అందుకే, ఆ నియమాలు సడలడం మంచిదే అన్నది నా నమ్మకం.

అయితే మనిషికి అంతులేని ఎంపికలిస్తే సంతోషిస్తాడా అంటే, లేదనడానికి ఓడల్లోనే ఒక రుజువు ఉంది. 2014లో రాయల్ కరీబియన్ తన కొత్త ఓడ 'క్వాంటమ్ ఆఫ్ ద సీస్'లో ఒకే పెద్ద ప్రధాన భోజనశాలను తీసేసింది. దాని బదులు అదనపు డబ్బు అక్కర్లేని నాలుగు వేర్వేరు భోజనశాలలు పెట్టి, ఏ రాత్రి ఎక్కడ తింటారో మీరే రాయించుకోండి అంది. కాగితం మీద ఎంతో బాగుంది. ఆచరణలో సెలవు మీద వచ్చినవాళ్లు ప్రతి రాత్రికీ వేళ, చోటు ముందే తేల్చుకోవలసి వచ్చింది. వరుసలు, ఫిర్యాదులు పెరిగాయి. రెండు మూడేళ్లలోనే కంపెనీ ఆ ప్రయోగాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ పాత పద్ధతికీ 'మై టైమ్'కీ వచ్చింది. విశ్రాంతికి వచ్చినవాడికి నిర్ణయాల బరువు కూడా బరువేనని ఆ కంపెనీకి తెలిసివచ్చింది.

ఆ నాలుగింటిలో 'ది గ్రాండ్' అనే భోజనశాలకు ప్రతి రాత్రీ ఫార్మల్ దుస్తులు వేసుకుని రావాలి. మిగతా మూడింటికి అక్కర్లేదు. బట్టల నియమం మనిషికి కాదు, ఓడకూ కాదు, గదికి చెందినదని ఆ ఏర్పాటు తేటగా చూపించింది. బట్టల గురించి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

సూటు కుట్టించాలా?

అక్కర్లేదు. పిన్నికి మొదట చెప్పిన జవాబు ఇదే.

వారం రోజుల ప్రయాణంలో సాధారణంగా ఒకటి రెండు రాత్రులను మంచి బట్టలు కట్టుకునే రాత్రులుగా ప్రకటిస్తారు. వీటిని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. క్యూనార్డ్ 'గాలా' అంటుంది, కార్నివాల్ 'క్రూయిజ్ ఎలిగెంట్' అంటుంది. సెలబ్రిటీ కంపెనీ 2015 చివరిలో ఫార్మల్ అన్న మాటనే తీసేసి 'ఈవినింగ్ చిక్' అని పెట్టింది. నార్వీజియన్‌లో అసలు తప్పనిసరి ఫార్మల్ రాత్రే లేదు. పేరు మెత్తబడినకొద్దీ నియమం కూడా మెత్తబడిందని గుర్తు. క్యూనార్డ్‌లో మాత్రం ఇప్పటికీ గాలా రాత్రి అంటే మగవాళ్లకు నల్ల కోటు, బో టై, లేదా ముదురు రంగు సూటు. అక్కడ కూడా అలా తయారవడం ఇష్టం లేనివాళ్లకు బఫే, పబ్బు లాంటి చోట్లు విడిచిపెట్టి ఉంచుతారు. ఎవరినీ ఆకలితో పడుకోబెట్టరు.

మనవాళ్లకు తెలియని ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అంత పట్టింపు ఉన్న క్యూనార్డే తన నియమాల్లో, ఎవరి దేశపు లాంఛనమైన సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చని రాసింది. స్కాట్లండు మగవాళ్లు పావడాలాంటి తమ గళ్ల కిల్టు కట్టుకుని వస్తారు. అలాంటప్పుడు పట్టుచీర కట్టుకున్న మన ఆడవాళ్లకు ప్రపంచంలో ఏ ఓడలోనూ ఏ గదిలోనూ ఇబ్బంది ఉండదు. ఫార్మల్ రాత్రి ఉప్పాడ పట్టు కట్టుకుని వెళ్లిన మా వదినను పక్క బల్ల ఇంగ్లండు ఆవిడ అంచు పట్టుకుని చూసి, దీన్ని ఎలా నేస్తారని పావుగంట అడిగింది. మగవాళ్లకు బంద్‌గలా కోటు, షేర్వానీ నిశ్చింతగా సరిపోతాయి.

పంచె సంగతి ఏమిటని బాబాయి వెనకనుంచి అరిచాడు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. జరీ అంచు పట్టుపంచె, లాల్చీ, కండువా మన లాంఛనమైన దుస్తులే. పెళ్లిలో కాళ్లు కడిగించుకునే బట్టలు లాంఛనమైనవి కాకపోతే ఇంకేవి? అయినా మన గడ్డ మీదే పంచెను గుమ్మంలో ఆపిన చరిత్ర ఉంది. 2014 జూలైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బుకు పుస్తకావిష్కరణ సభకు పంచెకట్టుతో వెళ్లిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవైంది. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ, పంచె కట్టుకున్నాడన్న కారణంతో క్లబ్బుల్లో, బహిరంగ స్థలాల్లో ఎవరినీ ఆపకూడదని చట్టం చేసింది. విదేశీ జెండా ఎగరేసుకుని నడిసముద్రంలో వెళ్లే ఓడకు ఆ చట్టం వర్తించదు. కాని అక్కడ అడ్డు కూడా చట్టం కాదు, గుమ్మం దగ్గర నిలబడే మనిషికి తెలియకపోవడం మాత్రమే.

ఒకసారి మా మామగారికి అదే జరిగింది. ఏ ఓడ అన్నది ఇక్కడ అనవసరం. పొందూరు ఖద్దరు పంచె, తెల్ల లాల్చీతో ఆయన భోజనశాలకు వస్తే గుమ్మం దగ్గరి అమ్మాయి ఆయన పాదాలవైపు చూసి సందేహించింది. ఆమె అభ్యంతరం పంచె మీద కాదు, రబ్బరు చెప్పుల మీద. పెద్ద వెయిటర్ వచ్చి, అది ఆయన దేశపు దుస్తులని గ్రహించి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. అయినా మామగారు ఆ రాత్రి సరిగ్గా తినలేదు. ఆ అర నిమిషం ఆయన ముఖం నేను మరిచిపోలేను. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇదే: పంచె కట్టుకోండి, తోలు చెప్పులో బూట్లో వేసుకోండి. ఓడ ఎక్కిన రోజే భోజనశాల పెద్దతో, ఫలానా రాత్రి మా సంప్రదాయ దుస్తుల్లో వస్తాం అని ఒక్క మాట చెప్పి ఉంచండి. మాట ముందే చెబితే గుమ్మంలో సందేహం రాదు.

మిగతా రాత్రుల్ని 'స్మార్ట్ క్యాజువల్' అనో 'రిసార్ట్ క్యాజువల్' అనో రాస్తారు. సాయంత్రం చుట్టాలింటికి వెళ్లేటప్పుడు మనం వేసుకునే బట్టలే అవి. మగవాళ్లకు ప్యాంటు, కాలరున్న చొక్కా. ఆడవాళ్లకు చీర, సల్వార్ కమీజ్, కుర్తా, ఏదైనా. ప్రధాన భోజనశాలలో కూడదన్నవాటి జాబితా అన్ని ఓడల్లోనూ దాదాపు ఒక్కటే: ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు. నిక్కర్ల విషయంలో కొన్ని కంపెనీలు ఈ మధ్య చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాయి. పగలు ఇంత పట్టింపు ఉండదు. బఫేలో రాత్రి కూడా మామూలు బట్టలు చాలు. ఫార్మల్ రాత్రి అలసటగా ఉంటే బఫేకు వెళ్లి, లేదా గదికే తెప్పించుకుని తినవచ్చు. అది మర్యాద తప్పడం కాదు.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది చెప్పాలి. గదిలోకి ఇస్త్రీపెట్టె తీసుకెళ్లనివ్వరు. నడిసముద్రంలో నిప్పు పుడితే పారిపోయే చోటు ఉండదు కాబట్టి ఇస్త్రీపెట్టె, విద్యుత్ కెటిల్, నీళ్లు కాచుకునే రాడ్డు, కొవ్వొత్తులు, అగరొత్తులు అన్నీ నిషేధం. పెట్టెలు స్కానింగ్‌లో పట్టేసి, ప్రయాణం అయ్యాక తిరిగి ఇస్తారు. పిన్నికి పొద్దున దీపం పెట్టనిదే కాఫీ తాగే అలవాటు లేదు. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం తీసుకెళ్లమన్నాను. గంజి పెట్టిన నూలు చీరలు ఓడలో ముడతలు పడితే బాగుచేయడం కష్టం, అందుకని పట్టు, లేదా మడత పడని చీరలు మేలు. పై డెక్కు మీద గాలికి పైట నిలవదు, పిన్నులు ఎక్కువ పెట్టుకోవాలి. భోజనశాలలో ఏసీ చలి గట్టిగా ఉంటుంది, శాలువా తప్పనిసరి.

ఆవకాయ సంగతి కూడా అడిగింది. ఇంట్లో పెట్టిన పచ్చడి సీసాను చాలా కంపెనీలు ఒప్పుకోవు. దుకాణంలో కొన్న, సీలు విప్పని పచ్చడి, కారప్పొడి ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. తన చేతి ఆవకాయ తప్ప వేరేది ముట్టని మనిషికి ఈ మాట చెప్పడం నాకు కష్టమే అయింది.

పిన్ని ఫారం

చివరికి రెండో గడిలో టిక్కు పెట్టించాను, ఎనిమిదింబావు బంతి. ఆరింటికి మన ఇళ్లలో టిఫిను వేళ. పైగా ఓడ రేవులో ఆగిన రోజున ఊరు చూసి సాయంత్రం ఐదింటికి అలసిపోయి వస్తారు. ఆరింటికల్లా స్నానం చేసి, చీర మార్చుకుని బల్ల దగ్గరికి చేరడం పరుగే. బాబాయికి చక్కెర వ్యాధి, భోజనానికి ముందు మాత్ర వేసుకోవాలి. అందుకని వేళ స్థిరంగా ఉండడం ఆయనకు మందుతో సమానం. వరుసలో నిలబడి ఎప్పుడు పిలుస్తారో తెలియని పద్ధతి ఆయనకు పనికిరాదు. పిన్ని శాకాహారి, అందుకని రోజూ అదే మనిషి వడ్డించాలి. వయసులో ఉన్న జంటో, పిల్లలు వేళకు నిద్రపోని కుటుంబమో అడిగితే నేను మూడో గడే చెప్పేవాడిని. ప్రశ్న ఏ పద్ధతి గొప్పదన్నది కాదు, తినేవాళ్లు ఎవరన్నది.

విశాఖ నుంచి ఎంప్రెస్ లాంటి ఓడలో మూడు నాలుగు రోజులు వెళ్లేవాళ్లకు ఇంత ఆలోచన అక్కర్లేదు. ఆ ఓడ ఎక్కేది ఎక్కువగా మన దేశం వాళ్లే. పప్పూ అన్నం, జైనుల భోజనం అక్కడ విడిగా అడిగి చేయించుకోవలసినవి కావు, మామూలుగా ఉండేవే. అయితే ఆ ఓడ కూడా 1990లో, రెండు బంతుల కాలంలో, రాయల్ కరీబియన్ కోసం కట్టినదే. మొదటిసారి ఓడ ఎక్కేవాళ్లకు విశాఖ నుంచి అలాంటి చిన్న ప్రయాణం మంచి అభ్యాసం. అక్కడ భోజనశాలకూ బఫేకూ తేడా కళ్లారా చూసినవాళ్లు సింగపూర్‌లో తడబడరు.

పిన్నికి చివరగా రెండు పనులు రాసి ఇచ్చాను. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు రేవు దగ్గరే తీసుకుంటారు. అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రాత్రే అవుతుంది. అందుకే మొదటి రాత్రిని సాధారణంగా మామూలు బట్టల రాత్రిగానే ఉంచుతారు. మందులు, ఒక జత బట్టలు, శాలువా చేతిసంచిలోనే ఉండాలి. రెండోది, ఓడ ఎక్కిన మధ్యాహ్నమే భోజనశాల పెద్దను కలవాలి. బల్ల గుమ్మానికి దగ్గరగా ఉందా, కిటికీ పక్కన దొరుకుతుందా అని అప్పుడే అడగాలి. ఖాళీ ఉంటే మార్చేది ఆ ఒక్క పూటే. ఆ మాటల్లోనే గుడ్డు, చేప, మాంసం లేని భోజనమని, ఫార్మల్ రాత్రి పంచెలో వస్తామని చెప్పేయాలి. పిన్నికి ఇంగ్లిషు అంతగా రాదు కాబట్టి, ఆ నాలుగు మాటలూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పాస్‌పోర్టుల కవరులో పెట్టాను.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి మంచం మీద పట్టుపంచె పరిచి ఉంది. నలభై ఏళ్ల కిందట పీటల మీద కట్టుకున్నదే. జరీ కాస్త నల్లబడింది. దాన్ని మెరుగు పెట్టించడానికి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలా అని ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.